మూడో మనిషి

పొత్సువోలి రేవులో చేపల అంగడి వెనక సందు,
అందులో మా ఇన్సూరెన్సు ఆఫీసు.
రెండు కుర్చీలు, ఒక ప్రింటరు, గోడ మీద ఒక బీట.
బీటకి అడ్డంగా పెన్సిల్ గీతలు, పక్కన తేదీలు.
మా ఊళ్లో నేల ఊపిరి పీలుస్తుంది.
వదలడమే ఈమధ్య మరిచిపోయింది.

ఇరవై రెండేళ్లుగా ఈ బల్ల వెనకే ఉన్నాను.
మనుషులు మారతారు, అడిగేవి అవే.

భూకంపం వస్తే ఇస్తారా?
మామూలు పాలసీలో ఇవ్వరు. విడిగా కట్టాలి.

అద్దం మీద కాగితం అంటించక్కర్లేదా?
ఆ కాగితాల కాలం పోయింది.
ఇప్పుడు స్తంభం మీది కన్ను నంబరు ప్లేటు చదువుకుంటుంది.

గడువు దాటితే?
పదిహేను రోజులు ఓర్చుకుంటారు.
పదహారో రోజు నువ్వెవరో, వాళ్లెవరో.

బండి కదలదమ్మా, పెరట్లో పడుంది,
వెనక సీట్లో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి.
కదలకపోయినా కట్టాల్సిందే.
చక్రాలూ ఇంజనూ ఊడదీస్తే అది వేరే మాట.
అప్పుడది కోళ్లగూడు.

సోస్సియోకి పద్దెనిమిదేళ్లు.
పాత పాండా తాళాలు వేలికి గిరగిరా తిప్పుతూ వచ్చాడు.
"బండి ఖరీదు కంటే ఇన్సూరెన్సు ఎక్కువేంటి?"
అది బండికి కాదు నాయనా,
నువ్వు గుద్దబోయేవాడికి.
"నేనెవర్నీ గుద్దను."
ఆ మాట నా ప్రింటరుకి కూడా కంఠతా వచ్చు.

పద్నాలుగో తరగతిలో మొదలుపెడతావు.
ఏడాదంతా ఎవరికీ తగలకుండా తిరిగితే ఒక్క మెట్టు ఎక్కుతావు.
ఒకటో తరగతికి పదమూడేళ్లు.
తగిలితే రెండు మెట్లు కిందకి, రెప్పపాటులో.
వైకుంఠపాళి అనుకునేవు,
ఇందులో పాములున్నాయి కానీ నిచ్చెనల్లేవు.
ఒకే ఇంట్లో ఉంటే మీ నాన్న తరగతి నీకొస్తుంది,
ఉన్నారా ఇంట్లో?
తాళాలు తిరగడం ఆగింది.
ఆ జవాబుకి ఫారంలో గడి లేదు.
నేనూ అడగలేదు.
నెలనెలా కట్టే పద్ధతి చూపించాను.

మార్చి నెలాఖర్లో ఎర్మెలిందా వచ్చింది.
నల్లకోటు. చేతిలో డ్రైవింగ్ స్కూలు రసీదు.
అరవై ఒకటో ఏట క్లచ్ నేర్చుకుంటోంది.
"ప్రోకొలోది ఒకటో తరగతి కదా, అది నాకు రాయి."

కంప్యూటరు వంక చూసినంతసేపు
ఆమె వంక చూడక్కర్లేకపోయింది.
మూడో తరగతమ్మా.
"మూడా? ముప్పై ఏళ్లు గీత పడనివ్వలేదే."
చివరిసారి... ఆ గోడ.
"పోయినవాడికి కూడా మెట్లు దించుతారా?"
దించుతారు.

ఆమె నవ్విందో, దగ్గిందో.
"గోడవాళ్లకి డబ్బు వచ్చిందట."
వచ్చింది. గోడ మూడో మనిషి.
మొదటి మనిషి బండి నడిపేవాడు,
రెండోది కంపెనీ,
మూడోవాడంటే మిగతా లోకమంతా.
చట్టం కట్టమనేది మూడోవాడి కోసమే.
"మొదటివాడికి ఏమీ లేదా?"

ఉంది. విడిగా ఉంది.
ఏడాదికి ముప్పైతొమ్మిది యూరోలు.
ఆ గడి దగ్గర నా పెన్ను ఆగిన రోజు నాకు గుర్తే.
ఎండాకాలం, ఫ్యాను కాగితాలు ఎగరేస్తోంది.
ప్రోకొలో వాటి మీద మోచెయ్యి ఆనించి,
"వదిలెయ్, దాంతో మా ఆవిడకి చెప్పులు కొంటా" అన్నాడు.
నేను వదిలేశాను.
మరోసారి చెప్పలేదు. వెనక ఆరుగురున్నారు లైన్లో.

ఇదంతా ఎర్మెలిందాకి చెప్పానా?
చెప్పులు చూశాను.
తోలువి, మడమ దగ్గర అరిగినవి.
అవేనో కాదో.

"సంతకం ఎక్కడ?"
ఇక్కడ, ఇక్కడ, ఇంకా ఇక్కడ.
ఆ గడి దగ్గర పెన్ను మళ్లీ ఆగింది.
"ఏమిటది?"
నడిపేవాడికి దెబ్బ తగిలితే.
"పెట్టెయ్. ఎంతో చెప్పకు."

అప్పుడే బల్ల సన్నగా వణికింది.
ప్రింటరులో కాగితం పక్కకి జరిగింది.
ఇద్దరం లైటు తీగ వంక చూశాం,
ఊగింది, ఆగింది.
బయట చేపలవాడు ధర అరుస్తూనే ఉన్నాడు.

పెన్సిల్ తీసి బీట దగ్గరికి వెళ్లాను.
వెనక నుంచి ఎర్మెలిందా,
"మరి దీనికి ఎంత?"